చెన్నపురి వీథులలో పాటయు పాకమును

చెన్నపురి సంగీతమును గూర్చి వ్రాయువారు సభామందిరముల యొద్ద మొదలిడుదురు; భోజనమును గూర్చి వ్రాయువారు హోటళ్ల యొద్ద మొదలిడుదురు. రెండింటిని వేఱుచేసి చూచుటవలన ఒక ముఖ్యవిషయము మఱుగున పడుచున్నది. రుచి చూచునదియు పాట పాడునదియు ఒకే నాలుక. చెన్నపురి నాలుక వంట విషయమున ఎంత నిక్కచ్చియైనదో, తెలుగు పాటలోని మాట విషయమున అంత ఉదాసీనముగా నున్నది. సాంబారులో ఉప్పు పిసరంత తగ్గినను పసిగట్టు రసికుడు, కీర్తనలో ఒక మాట నడుమకు విఱిగి అర్థములేని రెండు ముక్కలైనను తల యూపుచునే యుండును. ఇది యెట్లు సంభవించినది, ఇందు పాడువారి పాలెంత, వినువారి పాలెంత, తెలుగువారమైన మన పాలెంత యను విచారణయే ఈ వ్యాసమునకు విషయము.

ఇట్టి విచారణకు కాలినడక మంచి సాధనము. బండిలో పోవువానికి సభకును సభకును నడుమ గల నగరము కనబడదు. నడచువానికి పాటయు పాకమును ఒకే గాలిలో కలిసి వచ్చును. జార్జిటౌను నుండి తిరువల్లిక్కేణి, మైలాపూరుల మీదుగా మ్యూజిక్ అకాడమీ వఱకు గల దారిని నేను ఆధారముగా గైకొనుచున్నాను. ఇది ఒక్క పూటలో ముగియు దారి కాదు. ధనుర్మాసమున మూడు దినములు కేటాయించుకొన్నవారికి సుఖముగా సాగును. వేసవిలో పూనుకొనువారిని నేను వారింతును.

పట్టణపు పుట్టుకతో తెలుగువారికి గల సంబంధము మనకు క్రొత్త కాదు. 1639లో ఆంగ్లేయులకు ఈ తీరమున స్థలమొసగిన దామెర్ల నాయకుల కథను మరల చెప్పను. జార్జిటౌనున మన విషయమునకు కావలసినవి రెండు వీథులు. మొదటిది బందరు వీథి. త్యాగరాజస్వామి (1767–1847) వార్ధక్యమున, 1839 ప్రాంతమున, చెన్నపురికి వచ్చినపుడు కోవూరు సుందరేశ మొదలియారుగారి అతిథిగా ఈ వీథిలో బస చేసిరని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. ఆ యాత్ర ఫలముగా కోవూరు పంచరత్నములును, శిష్యుడగు వీణ కుప్పయ్యరు నిమిత్తముగా తిరువొత్తియూరు పంచరత్నములును వెలసినవి. ఆతిథ్యమిచ్చినవారు తమిళులు, పాట తెలుగు, క్షేత్రములు తొండమండలమునవి. ఈ కలయిక ఆనాడు ఎవ్వరికిని వింతగా తోచలేదు.

రెండవది రామకృష్ణ వీథి. వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇచట నివసించెను. శుక్రవారపు సాయంకాలములందు ఆమె యింట జరిగిన వీణాగానమును వినుటకు పేరుపొందిన విద్వాంసులే వచ్చి నిశ్శబ్దముగా కూర్చుండెడివారు. అంధుడైన బాలదాసు నాయుడుగారి యొద్ద ఆమె క్షేత్రయ్య పదములను పాఠము చేసెను. ధర్మపురి సుబ్బరాయరు తెలుగు జావళులు కూడ ఆ యింట నిలిచినవి. మనుమరాండ్రు బృంద, ముక్త ఆ పదములను గొంతున నిలిపిరి. మఱియొక మనుమరాలు బాలసరస్వతి (1918–1984) వానిని చేతులందును కన్నులందును నిలిపెను.

ఇచట కొంత ఆగవలసి యున్నది. వీరిది తమిళదేశపు కుటుంబము. అయినను మువ్వగోపాలుని పదములలోని మాట వారి నోట చెడలేదు. ఇందుకు చెవి సూక్ష్మత యొక్కటియే కారణము కాదు. అభినయమునకు అర్థము కావలయును. ‘అలుక’ యన నేమో యెఱుగని నర్తకి కనుబొమ్మను కదపజాలదు. ‘బడలిక’ యన నేమో తెలియక భుజము వాల్పజాలదు. పాట ఆటతో ముడివడియున్నంత కాలము మాటకు కాపలా యుండెను. గాయకుడు కచేరి వేదికపై కూర్చుండి, అతని చేయి తాళమునకు మాత్రమే పనికివచ్చుట మొదలైన తరువాత, ఆ కాపలా సడలినది. కచేరి పద్ధతి మన సంగీతమునకు చేసిన మేలు పెద్దదే. ఆ మేలునకు చెల్లించిన వెల యిది.

జార్జిటౌను దాటకముందు ఆకలి తీర్చుకొనవలయును. టంకశాల వీథిలో ఉత్తరాది వర్తకుల మిఠాయి అంగళ్లును, చక్కిలముల నడుమ దోసకాయ టమాటా ముక్కలు పెట్టి పచ్చడి పూసి యిచ్చు చిత్రమైన ఫలహారమును కలవు. సముద్రతీరము వైపున, 1962 తరువాత బర్మా నుండి తరలివచ్చినవారు తెచ్చిన ‘అథో’ దొరకును. సేమ్యావంటి తీగలలో వేయించిన ఉల్లి, కోసుకూర, చింతపండు పులుసు కలిపి చేతితో పిసికి యిత్తురు. వెంట అరటిదవ్వ రసము. ఆ వచ్చినవారిలో తెలుగువారును పెక్కుమంది. పేరు బర్మాదే, మార్చలేదు. తినువాడు ఇదేమని యడుగును, అమ్మువాడు విప్పి చెప్పును. తెలియని మాటను తెలియనట్లే మ్రింగు అలవాటు ఈ నగరమున తిండి దగ్గర లేదు.

తిరువల్లిక్కేణిలో ఇది మఱింత స్పష్టమగును. 1948 నుండి పేరుమోసిన రత్నా కేఫున ఇడ్లీలపై సాంబారును చెంబులతో పోయుదురు. దానిని నెలకొల్పినది ఉత్తరాది కుటుంబము. సాంబారు వారి పుట్టింటి వంట కాదు. నేర్చుకొనిరి, ఎంత నేర్చుకొనిరనగా నేడది ఆ పేటకే గుర్తుగా నిలిచినది. తినవచ్చినవారు ‘వీరు పరదేశస్థులు గదా, సాంబారు కొంచెము పలుచనైన నేమి’ యని ఎన్నడును సరిపెట్టుకొనలేదు. అట్లు సరిపెట్టుకొనియున్నచో ఆ సాంబారు ఇంత కాలము నిలిచియుండదు. వినువారి యుపేక్షకు గాయకులను మాత్రమే నిందించు విమర్శకులు ఈ చిన్న హోటలును గమనింపవలయును.

ఆ పేటలోనే పార్థసారథిస్వామి కోవెల వీథులలో పుళియోదరై తినవచ్చును. మనవారు దానిని పులిహోర యని పిలిచి రెండును ఒకటే యందురు. ఒకటి కాదు. తమిళులు చింతపండు గుజ్జును నువ్వులనూనెలో నల్లబడునంతవఱకు ఉడికించి, మెంతులు ధనియాలు వేయించిన పొడి కలుపుదురు. మన పులిహోర పసుపుతో మెఱయును. పచ్చిమిర్చి, కరివేపాకు, కొన్ని యిండ్ల ఆవపిండి దానికి ప్రాణము. నాలుగు తరములుగా చెన్నపురిలో నున్న మన గృహిణులు సైతము ఈ భేదమును మఱచిపోలేదు. పండుగనాడు పసుపు పులిహోరయే కావలయును. ఈ మాటను గుర్తుంచుకొనుడు. దీనితో ముందు పని యున్నది.

కోవెలకు చేరువనే సుబ్రహ్మణ్య భారతి (1882–1921) తుది దినములు గడపిన యిల్లు నేడు స్మారకమందిరముగా నున్నది. తెలుగు మాధుర్యమును మెచ్చిన ఈ తమిళ మహాకవియే, సంగీతమును గూర్చిన తన వ్యాసమున, అర్థమెఱుగక అక్షరములను చంపుచు పాడు విద్వాంసులను తీవ్రముగా ఖండించెను. దానిని తెలుగుపై ద్వేషముగా భావించు మనవారు కొందఱు కలరు. అది సరికాదు. మాట చచ్చుచున్నదని బాధపడినవాడు మాటకు మిత్రుడే. 1941లో అణ్ణామలై విశ్వవిద్యాలయమున ఊపందుకొని 1943లో సంఘరూపము దాల్చిన తమిళిశై ఉద్యమమును గూర్చియు నా యభిప్రాయమిదియే. ‘మేము వినునది మాకు తెలియవలయును’ అను కోరిక న్యాయమైనది. దానికి సమాధానము తెలుగు కీర్తనను వేదిక నుండి దింపుట కాదు. అట్లని కీర్తనను తెలియనిదానిగనే యుంచుటయు సమాధానము కాదు గదా!

మూడవనాటి నడక మైలాపూరు మాడవీథులలో తెల్లవాఱకముందే ఆరంభింపవలయును. ధనుర్మాస ప్రాతఃకాలమున ఇచట భజనగోష్ఠులు వీథులు చుట్టి వచ్చును. పాపనాశం శివన్ (1890–1973) పెక్కేండ్లు నడపిన ఆచారమిది. ఈ భజనలో నేను గమనించిన విశేష మొకటి కలదు. నడచుచు పాడునపుడు మాట విఱుగదు. ముందువాడు పాడిన పాదమును వెనుకవారు అందుకొనవలయును. తెగిన మాట అందదు. పైగా అడుగు పడు లయయే మాటకు లయ. త్యాగరాజస్వామి స్వయముగా ఉంఛవృత్తికై తిరువయ్యాఱు వీథులలో నడచుచు పాడినవాడు. ఆయన దివ్యనామ కీర్తనలు ఇట్టి గోష్ఠులకు సులువుగా అమరుటకు కారణమదియే కావచ్చును. కూర్చుండి పాడినపుడు కూడని దోషములు నడచునపుడు తామే తొలగిపోవుట వింత.

కపాలీశ్వరుని యూరేగింపున నాగస్వరము మల్లారితో మొదలగును. దానికి మాటలే లేవు గనుక మాట చెడు భయమును లేదు. అయినను కీర్తన వాయించునపుడు సాహిత్యమెఱిగిన విద్వాంసుని ఊపిరి మాటకు తగిన చోటనే ఆగును. ఈ సంగతి మొదటి వరుసలో నడచువారికి తెలియును.

మాడవీథులలో తినదగినవానిని లెక్కింప నీ వ్యాసము చాలదు. కిటికీలో నుండి బజ్జీలు పొంగలి అందించు ‘జన్నల్ కడై’, కాళత్తి వారి గులాబీపాలు, కచేరి రోడ్డున మూలికలు పొడులు అమ్ము డబ్బా చెట్టి అంగడి పేర్కొన్న చాలును. ఆ చివరి పేరున ‘డబ్బా’ యను మాట తెలుగువాని చెవికి వెంటనే తగులును.

అటనుండి లజ్ వైపు నడచినచో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి (1867–1938) పేరు గల ఉద్యానము వచ్చును. 1914లో ఆంధ్రపత్రికను బొంబాయి నుండి ఈ నగరమునకు తెచ్చినది ఆయనయే. మైకు లేకుండ పిల్లలచే పాడించు చిన్న కచేరీలకు ఈ ఉద్యానము పేరుపడినది. మైకు లేనపుడు పలుకులోని ప్రతి వంకయు బయటపడును. పిల్లలకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు. ఇంకను ముందుకు సాగిన, రాయపేట హైరోడ్డున, బులుసు సాంబమూర్తిగారి యిల్లు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు అచటనే ప్రాణము విడిచెను. ఆ డిసెంబరులో నగరమున సంగీతమును జరుగుచునే యుండెను. తెలుగువారి భాషకై ఒకడు మరణించిన యింటికిని, తెలుగు కీర్తన ప్రతిదినము మ్రోగు సభలకును నడుమ దూరము కొద్దిపాటి నడక మాత్రమే. ఆ దారిలో నడచినపుడెల్ల నాకు ఈ సామీప్యము మనస్సున మెదలును.

ఇక సభలు. 1927 డిసెంబరులో కాంగ్రెసు మహాసభతో పాటు జరిగిన సంగీత సమ్మేళనము ఫలముగా 1928లో అకాడమీ ఏర్పడెను. నేటి మందిరము 1962 నాటిది. 2017లో యునెస్కో చెన్నపురిని సంగీతనగరములలో చేర్చుటకు ఇట్టి సభలే పునాది. త్యాగరాయనగరమునకు పోదలచినవారు అచట వాణీమహలును చూడవచ్చును. 1946లో ‘త్యాగయ్య’ చిత్రమున స్వామి పాత్ర ధరించిన చిత్తూరు నాగయ్యగారి పూనికతో నెలకొన్న సభ యది. పెక్కు సభలలో మధ్యాహ్నపు కచేరీలకు టిక్కెట్టు లేదు, క్యాంటీనునకు ఎన్నడును లేదు.

క్యాంటీనే నా వాదమునకు ముఖ్యసాక్షి. మృదంగము తనియావర్తనము మొదలుకాగానే కొందఱు లేచి అటు నడచుట ఈ నగరమున పాత హాస్యము. అచట సాగు విమర్శ వినదగినది. అడలో కందిపప్పు పాలు, అవియల్‌లో కొబ్బరినూనె వాసన, కాఫీలో చికోరీ మోతాదు, నిన్నటి వంటకును నేటి వంటకును గల తేడా — ఒక్కటియు తప్పిపోదు. ఆ రసికులే లోనికి పోయి రాగమును రెండు స్వరములలో గుర్తింతురు, తాళమును వ్రేళ్లపై తప్పక లెక్కింతురు. చెవి లోపమున్నదని అనుటకు వీలులేదు. లోపము మాట యొద్దనే.

ఆ లోప మెట్టిది? తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే యక్షరము. అందుచే తమిళమున అచ్చైన కీర్తన గ్రంథములలో అక్షరముల ప్రక్క 2, 3, 4 అంకెలు వేయుదురు. అంకెను చూడక పాడినవారి నోట ‘బాధ’ ‘పాద’ యగును, ‘దయ’ ‘తయ’ యగును, ‘భావము’ ‘పావము’ యగును. దేవుని పాదము కావలెనని కోరినట్లును, దేవుని బాధ కావలెనని కోరినట్లును ఒకే తీరున వినబడినచో భక్తుని గతి యేమి? ఇది మొదటి దోషము. రెండవది విఱుపు. తెలుగున సంధి కలిసి పెరిగిన మాటను ఎచట విడదీయవలెనో తెలియక, సంగతులు వేయునపుడు మాట తోక పట్టుకొని మరల మరల ఎత్తుకొందురు. న్యాయముగా చెప్పవలెనన్న, తాళపు అమరికలో మాట తెగుట కొన్ని కీర్తనల నిర్మాణమునందే కలదు. ఆ తప్పును గాయకుని పై మోపరాదు. కాని నెఱవలు చేయుటకు ఏ పాదము నెన్నుకొనుట, ఎచట నుండి ఎత్తుకొనుట యనునవి గాయకుని చేతిలోనివి. అచట అర్థము తెలిసినవానిని తెలియనివానిని క్షణములో గుర్తింపవచ్చును.

ఇది సాధ్యము కానిపని యందురా, మధురలో పుట్టిన ఎం. ఎస్. సుబ్బులక్ష్మి (1916–2004) తిరుమల తిరుపతి దేవస్థానము పక్షమున 1980 ప్రాంతమున పాడిన అన్నమాచార్య సంకీర్తనలను వినుడు. తెలుగు పండితుడు వేలు పెట్టి చూపదగిన తప్పు అందు నాకు కానరాదు. ఆమె నేర్చుకొనెను. రత్నా కేఫు వారు సాంబారు నేర్చుకొన్నట్లే. తెలుగువాడైన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) చెన్నపురినే నివాసముగా జేసికొని పలుకునకు వెలుగు తెచ్చెను. అది ఆయనకు పుట్టుకతో వచ్చిన సొత్తు. సుబ్బులక్ష్మి దానిని సంపాదించినది. నా దృష్టిలో రెండవదే మనకు ఎక్కువ ఉపయోగించు ఉదాహరణము.

మన ఆలంకారికులు కవితా శైలికి పాకమని పేరిడి, ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకమని భేదములు చేసిరి. సంగీతజ్ఞులు ఆ మాటలనే గ్రహించి త్యాగరాజును ద్రాక్షకును, శ్యామశాస్త్రిని అరటికిని, ముత్తుస్వామి దీక్షితులను టెంకాయకును పోల్చిరి. ద్రాక్ష నోట వేసికొన్నంతనే కరగునని భావము. ఈ పోలిక తెలుగు తెలిసినవారిని ఉద్దేశించి చేయబడినది. తెలుగు రానివానికి ద్రాక్షయు నారికేళమే. పెంకు నునుపును చూచి మెచ్చుకొని పోవలసినదే. కచేరి చివర ఒక తమిళ విరుత్తమో పాటయో వచ్చినపుడు సభను గమనింపుడు. పెదవులు కదలును, ఎవరో కన్ను తుడుచుకొందురు. గంటన్నర సేపు త్యాగరాజు వేడుకొన్నపుడు ఆ కన్ను పొడిగానే యుండెను. ఆ శ్రోతను నేను తప్పు పట్టను. అతనికి ఎవ్వరును చెప్పలేదు.

చెప్పవలసినవారము మనము. మనమెట్లున్నాము? తరతరములుగా ఇచట స్థిరపడిన తెలుగిండ్లలో మిగిలిన తెలుగు చాలవఱకు వంటింటి తెలుగు. నా తరగతిలోని పిల్లలకు ఎసరు తెలియును, పోపు తెలియును, చారునకును పులుసునకును భేదము తెలియును. నెనరు తెలియదు, వేల్పు తెలియదు. ఒకనాడు కీర్తనలందు తఱచుగా వచ్చు ‘మఱుగు’ అను మాటకు అర్థమడిగితిని. “పాలు మరుగుట, అయ్యా” యని ఒక బాలిక వెంటనే చెప్పెను. తప్పు చెప్పలేదు, ఆమె ఎఱిగిన తెలుగున ఆ మాటకు అర్థమదియే. చాటు, ఆశ్రయము అను అర్థము గల మఱుగు వేఱొకటి కలదని ఆమె యింట చెప్పువారు లేరు. పసుపు పులిహోరను విడువని యింటనే ఈ మాట జాఱిపోయినది. వంటింటి తెలుగును కీర్తన తెలుగును కలుపు వంతెన బడి. తమిళనాట 2006లో చేయబడిన చట్టము ననుసరించి తమిళము 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటేట ఒక్కొక తరగతికి పెరిగి, 2015–16 నాటికి పదవ తరగతి వఱకు మొదటి భాషగా నిర్బంధమైనది. తమిళము నేర్చుట మన పిల్లలకు మేలే. ఈ నేలపై బ్రదుకువానికి అది రావలయును. కాని తెలుగు ప్రక్కకు జరిగి, దానికి దొరకు గంటలు తగ్గినవి. చదువ వ్రాయ రాని తెలుగు పిల్లవాడును, తెలుగు రాని తమిళ శ్రోతయు సభలో నేడు ప్రక్క ప్రక్కనే కూర్చుందురు. కీర్తన ఇరువురికిని ఒకటే దూరము.

క్యాంటీను వాకిట ప్రతిదినము నల్లబల్లపై ఆనాటి పదార్థముల పేర్లు సుద్దతో వ్రాయుదురు. ఆ పక్కనే ఇంకొక బల్లకు చోటున్నది. రాబోవు ధనుర్మాసమున మన సంఘము ఏదేని ఒక్క సభతో మాట్లాడి, ఆనాటి ప్రధాన కీర్తనను గాయకుని ముందుగా అడిగి తెలిసికొని, దాని సాహిత్యమును తెలుగు లిపిలోను, అంకెలతో కూడిన తమిళ లిపిలోను, క్రింద తమిళమున తాత్పర్యముతోను ఒక్క కాగితముపై అచ్చువేయింపవచ్చును. తాత్పర్యము వ్రాయు పని మా బడి పిల్లలకు ఒప్పగించినచో, వారికి తమిళమును వచ్చును, తెలుగును వచ్చును. కాగితమునకు అచ్చునకు అగు వ్యయము ఇద్దఱి టిఫినునకు మించదు. మొదటి యేడు మూడు కచేరీలకు చాలును.